వదిన వాంగ్మూలం

మా ఆఫీసులో నన్ను ‘ఇస్త్రీ’ అంటారు. బట్టలు శుభ్రంగా వేసుకుంటానని కాదు, సభలో పెద్దమనుషులు ముడతలు ముడతలుగా మాట్లాడిన మాటల్ని కాగితం మీద నలక్కుండా దించుతానని. నేను సభ రిపోర్టరుని. పత్రికల వాణ్ణి కాదు. సభలో ఎవరేం మాట్లాడినా షార్ట్‌హ్యాండులో రాసుకుని, పై అంతస్తుకు వెళ్ళి టైపు చేసి, ప్రభుత్వం అచ్చువేసే పుస్తకానికి అందించే రకం. ఐదు నిమిషాలు రాస్తే నా వంతు అయిపోతుంది. పక్కవాడు వచ్చి కూర్చుంటాడు, నేను లేస్తాను. మాలో ఏ ఒక్కరమూ ఏ చర్చనూ మొదటినుంచి చివరిదాకా వినం. పద్దెనిమిదేళ్ళుగా ఈ ప్రభుత్వం ఎలా నడుస్తోందో నేను ఐదేసి నిమిషాల ముక్కలుగా విన్నాను.

ఇస్త్రీ చెయ్యడం మా దగ్గర తప్పు కాదు, పద్ధతి. ఒక సభ్యుడు “అంటే… నేననేదేమిటంటే… అసలు…” అని మూడుసార్లు మొదలుపెడితే మేం ఒక్కసారే మొదలుపెడతాం. దగ్గులు తీసేస్తాం, తిట్లు తీసేస్తాం. ‘విషయానికి సంబంధించని సొంత సంగతులను రిపోర్టరు తన విచక్షణతో కుదించవచ్చు’ అని మా నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. ఆ విచక్షణ అనే మాట చూసుకుని నేను చాలా ఏళ్ళు కాలి మీద కాలేసుకుని బతికాను. సభ్యులు తమ ప్రసంగం అచ్చులో చదువుకుని, “నేనింత బాగా మాట్లాడానటయ్యా!” అని వెతుక్కుంటూ వచ్చి చెయ్యి కలిపేవాళ్ళు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యేవాణ్ణి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసినది చేతకాక చేసిన పని కాదని ముందే తెలియాలి.

ఆ ఏడు ప్రభుత్వం అందరికీ సర్కారు వైద్యం అనే మాట ఎత్తుకుంది. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే ఆసుపత్రి, ఒకే డాక్టరు. ఇవ్వాలనడంలో ఎవరికీ పేచీ లేదు. డబ్బెక్కణ్ణుంచి తేవాలన్న దగ్గరే అందరి గొంతులూ లేచాయి. సభలో తేలక ఒక సంఘాన్ని వేశారు. దానికి అధ్యక్షురాలు ఒక పెద్దావిడ, రాజకీయాల్లోకి రాకముందు బడిలో లెక్కలు చెప్పేదట. సాక్షుల్ని ఒక్కొక్కరినే పిలిచి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, “సూటిగా చెప్పండి” అనేది.

వచ్చినవాళ్ళు తలో దారీ చూపించారు. ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు, ఎక్కువ సంపాదించేవాళ్ళ దగ్గర ఎక్కువ పన్ను తీసుకోండి, ఆసుపత్రి గుమ్మంలో మాత్రం ఎవరినీ ఏమీ అడగొద్దు అన్నాడు. ఫ్యాక్టరీల సంఘం నాయకుడు ప్రతి కార్మికుడి జీతంలోనూ నెలనెలా కొంత కోయమన్నాడు. మరి మీ వాటా ఎంత అని అడిగితే నీళ్ళు నమిలాడు. ఇంకొకాయన సారాయి మీదా సిగరెట్ల మీదా పన్ను పెంచమంటే, “అంటే జనం తాగితేనే ఆసుపత్రి నడుస్తుందన్నమాట” అంది అధ్యక్షురాలు. ఆర్థికశాఖ కార్యదర్శిది చివరి మాట. ఓపీ చీటీకి, పరీక్షలకి చిన్న మొత్తం పెట్టండి చాలు, ఖజానాకి డబ్బూ వస్తుంది, ఊరికే వచ్చే రద్దీ కూడా తగ్గుతుంది అన్నాడు. ఉచితమంటే తుమ్మినవాడు కూడా వచ్చి లైన్లో నిలబడతాడని ఆయన బాధ.

“ఇంతమంది వచ్చారు, ఆ లైను పక్కన నిలబడి పనిచేసేవాళ్ళు ఒక్కరూ రాలేదేమండీ?” అంది అధ్యక్షురాలు. సంఘం పనులు చూసే ఆఫీసరు టీ వేళ మమ్మల్నడిగింది, అలాంటివాళ్ళు ఎవరైనా తెలుసా అని. నేను వదిన పేరు చెప్పాను. పెద్దాసుపత్రిలో ఆయా, ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది అన్నాను. ఆయాగా పనిచేసే ఈ మనిషి నాకు ఏ వరసవుతుందో మాత్రం చెప్పలేదు.

వదినని కూడా చెప్పొద్దన్నాను. “అక్కడ నేను నీ మరిదినని అనకు వదినా. బంధువుల్ని పట్టుకొచ్చాడంటారు.”

“నాకు తెలీదూ? నిన్ను చూడనట్టే ఉంటాలే చిన్నోడా,” అంది.

బంధువుల మాట సాకు. మా ఆఫీసులో ఎప్పుడో ఒకసారి ‘మా వదిన ఆసుపత్రిలో పనిచేస్తుంది’ అన్నాను. వాళ్ళు నర్సనుకున్నారు. నేను కాదనలేదు. బకెట్టూ గుడ్డా పట్టుకుని వార్డులు తుడుస్తుందని చెప్పాల్సినప్పుడల్లా మాట మార్చేసేవాణ్ణి. అమ్మానాన్నలు లేని నన్ను అన్నయ్యా ఆవిడా కలిసి పెంచారు. నేను షార్ట్‌హ్యాండు పరీక్ష రాయడానికి వేరే ఊరు వెళ్ళిన వారంలోనే అన్నయ్య పోయాడు. కడుపునొప్పి వచ్చిందనీ, ఉన్నట్టుండి ప్రాణం పోయిందనీ చెప్పారు. ఆ తర్వాత వదిన రెండు షిఫ్టులు చేసి నాకు ఉద్యోగం వచ్చేదాకా సాకింది. అలాంటి మనిషిని, నన్ను ఎరగనట్టు కూర్చోవడానికి ఒప్పించాను, ఆవిడ సరేనంది.

విచారణ రోజు వదిన ఉతికి ఆరేసిన యూనిఫాంలోనే వచ్చింది. పొడుగాటి బల్ల ఒక చివర ఆవిడ, రెండో చివర మేం. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టిన రెండు నిమిషాలకి గంట మోగింది, నా వంతు వచ్చింది. పక్కవాడు లేచాడు, నేను కూర్చున్నాను. వదిన అన్నమాట ప్రకారమే నావైపు చూడలేదు.

“చీటీకి చిన్న మొత్తం పెడితే జనం కడతారా అమ్మా? నిజం చెప్పండి,” అంది అధ్యక్షురాలు.

వదిన చేతులు బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“కడతారండీ. ఎందుక్కట్టరు? మేమూ కట్టాం. ప్రాణం మీదికొస్తే ఇంట్లో గిన్నెలమ్మైనా కడతారు. ఎప్పుడు కడతారో అదడగండి. రోగమొచ్చినప్పుడు కాదండీ, చేతిలో డబ్బున్నప్పుడు కడతారు. మా ఆయనకి సోమవారం కడుపులో నొప్పొచ్చింది. అప్పట్లో చీటీకి, పరీక్షలకి కట్టాలి, అక్కడ పనిచేసేవాళ్ళమైనా సరే. ఇంట్లో ఉన్నదంతా అంతకుముందే మా మరిది పరీక్ష ఫీజుకీ, దారి ఖర్చులకీ ఇచ్చేశాం. జీతమేమో బుధవారం. రెండ్రోజులేగా, ఓర్చుకుంటానన్నాడు. వాడికి మాత్రం కబురు పెట్టకు, పరీక్ష పాడవుద్దన్నాడు. బుధవారం జీతం తీసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కట్టానండీ, లైన్లో నిలబడే కట్టాను. అప్పటికే లోపల పేగు పగిలిపోయిందన్నారు.”

నా చెయ్యి కదులుతూనే ఉంది. అది మా చేతికున్న రోగం, చెవిలో పడిందల్లా రాసేస్తుంది.

“సోమవారం వెళ్ళుంటే చిన్న ఆపరేషనంట. డాక్టరే చెప్పాడు. బుధవారం వెళ్తే పెద్ద గదిలో పెట్టారు, ఎన్ని సీసాల రక్తమో ఎక్కించారు, ముగ్గురు డాక్టర్లు. ఆ ఖర్చు మేమిచ్చిన చీటీ డబ్బుల్లోంచి వచ్చిందా అండీ? గవర్నమెంటుదే కదా. మనిషీ దక్కలేదు, మీ డబ్బూ దక్కలేదు. ఇప్పటికీ వార్డులో ముదరబెట్టుకుని వచ్చేవాళ్ళే ఎక్కువండీ. నేను రోజూ తుడిచేది వాళ్ళ మంచాల కిందే. పన్నులేస్తారో, జీతాల్లో కోస్తారో, అవి నాకు తెలీదు. గుమ్మంలో మాత్రం అడక్కండి.”

గంట మోగింది. ఇంకొకతను వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను లేవలేదు. అతను భుజం తట్టాడు.

మెట్లెక్కి టైపు గదికి వెళ్ళి కూర్చున్నాను. పరీక్ష ఫీజు. ఆ పరీక్షలో నాకు మొదటి ర్యాంకు వచ్చింది. ఆ కాగితం ఫ్రేము కట్టించి మా హాల్లో పెట్టాను. మా అమ్మాయికి రోజుకోసారి చూపించి ఊదరగొట్టేవాణ్ణి. అన్నయ్య పోయింది ఆ పరీక్ష వల్లనని పందొమ్మిదేళ్ళ తర్వాత, పదిమంది ముందు, జీతానికి కూర్చుని రాసుకుంటూ తెలుసుకున్నాను. ఆ మరిది ఎవరో ఆ గదిలో ఎవరికీ తెలియదు. కానీ అచ్చులో పడితే మా ఆఫీసులో లెక్క కట్టగలిగినవాళ్ళు ఇద్దరైనా ఉన్నారు. వదిన ఊరూ ఇంటిపేరూ, నా ఊరూ ఇంటిపేరూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

నేను నా విచక్షణ వాడాను. ముందు మరిది మాట ఒక్కటే తీసేద్దామనుకున్నాను. అది తీస్తే రెండు రోజులు ఎందుకు ఆగారో తెలియదు, ఆ రెండు రోజులూ తీస్తే పెద్ద గదీ రక్తమూ దేనికో తెలియదు. ఒక దారం లాగితే అల్లికంతా ఊడొచ్చేలా ఉంది. లాగేశాను. చివరికి మిగిలింది ఇది: ‘కడతారు. మేమూ కట్టాము. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా కడతారు. (సాక్షి తన కుటుంబ విషయాలు వివరించారు.) పన్నుల సంగతి తనకు తెలియదన్నారు.’ ఒక్క అక్షరం నేను కల్పించలేదు. గుమ్మంలో అడక్కండి అన్న మాటని, అది ఒంటరిగా నిలబడదని తీసేశాను. ఆ మాట ఒంటరిగానైనా నిలబడేది. అదీ నాకు తెలుసు.

సంఘం గదుల్లో రికార్డింగు యంత్రాలు లేవు. సాక్షి చదువుకుని సంతకం పెడితే అదే ఖాయం. ఆ కాగితాలు నేనే వదిన దగ్గరికి పట్టుకెళ్ళాను.

“బాగా మాట్లాడానా?” అంది.

“చాలా బాగా మాట్లాడావు వదినా.”

“నోరు జారాను చిన్నోడా. ఆ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. నిజం చెప్పమ్మా అందావిడ. ఆ పెద్దావిడ మొహం చూస్తే అబద్ధం రాలేదు. నువ్వేం మనసులో పెట్టుకోకు,” అంటూ, చదవకుండానే నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

నివేదిక సభకు వచ్చిన రోజు ఆర్థికమంత్రి లేచి, “ఆచార్యుల లెక్కలు ఆచార్యులవి. వార్డులో చెమటోడ్చే మనిషి ఏమందో వినండి,” అని ఆ నాలుగు ముక్కలూ చదివాడు. బల్లలు చరిచారు. అధ్యక్షురాలు లేచి, “నాకు గుర్తున్నంతవరకు ఆమె ఇంకా చెప్పింది,” అంది. “అచ్చులో ఉన్నదే మాట్లాడదాం,” అన్నాడు మంత్రి. ఆ ఐదు నిమిషాలూ నావే. నేను చేసిన వాక్యాలనే నేను మళ్ళీ తలొంచుకుని రాసుకున్నాను. ప్రొఫెసరు దారి మూలన పడింది. చీటీ డబ్బు ఖాయమైంది.

మూడు నెలలయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే వదిన మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ టీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టింది.

“నన్ను వార్డులోంచి తీసేసి చీటీ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు చిన్నోడా. పెద్ద డాక్టరుగారు మెచ్చుకుని వేశారంట. పైన బోర్డు పెట్టారు, నేనన్న మాటలని చెప్పి. కడతారు, మేమూ కట్టాము అని, ఇంతింత అక్షరాలతో. లైన్లో వాళ్ళంతా నన్ను కడతారమ్మ అంటున్నారు.” నవ్వబోయింది గాని రాలేదు. “నిన్నొకామె నా మొహం మీదే అంది, ‘నీకేం తల్లీ, లోపల కూర్చుని కడతారంటావు’ అని. నేనన్నది అది కాదు కదా? నువ్వక్కడే ఉన్నావుగా. నేనలా అన్నానా?”

“ఆ మాటలు… అన్నావు వదినా,” అన్నాను.

“మరి మిగతావి?”

“అన్నీ వెయ్యరు. పుస్తకం లావైపోతుందని.”

వదిన తన చేతులు చూసుకుంది. “అంతేలే. నేనే సరిగ్గా చెప్పలేకపోయుంటాను. చదువుకున్నదాన్నా పాడా. అచ్చులోనే ఉన్నాక ఇంకేముంది,” అంది. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ తల వంచని మనిషి, తన నోటి మాట కంటే నేను తగలేసిన కాగితమే నిజమనుకుంది. ఆ మాటతో నాకు తల తీసేసినట్టయింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నానే గాని అప్పుడు కూడా నోరు తెరవలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. బోర్డు నిజంగానే పెద్దది, పసుపు మీద నల్లరంగు. దాని కింద కిటికీలో వదిన. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. నడుము పట్టుకుని వంగిపోయిన మనిషి ఒకడు కిటికీ దాకా వచ్చి జేబు తడుముకుని, “కడతాంలే అమ్మా, కడతామని నువ్వే అన్నావుగా. శనివారం జీతాలిస్తారు, అప్పుడొచ్చి కడతా,” అని వెనక్కి తిరిగాడు. “ఆగండి బాబూ, ఆగండి,” అని వదిన కుర్చీలోంచి లేచి, కిటికీలోంచి చెయ్యి చాపింది. అతను వినిపించుకోకుండా గేటు వైపు వెళ్ళిపోయాడు. వదిన చెయ్యి అలాగే బయట ఉండిపోయింది. నేను అతని వెనక పరిగెత్తాను. నేను గేటు చేరేసరికి అతనెక్కిన బస్సు కదిలిపోయింది.

మేం వాడిన నోటు పుస్తకాలు ఏడాదిపాటు ఆఫీసు బీరువాలో ఉంటాయి. ఆ మధ్యాహ్నమే నాది తీసుకొచ్చి, ఆసుపత్రిలో దుప్పట్లు భద్రపరిచే గదిలో వదినని కూర్చోబెట్టి, ఆవిడ మాటల్ని ఆవిడకే చదివి వినిపించాను. నా రాతలో దగ్గులు కూడా ఉన్నాయి. చదవడం అయ్యాక, తీసేసింది నేనేనని చెప్పాను. ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“అయితే నేను సరిగ్గానే చెప్పాను,” అంది వదిన. తర్వాత, “మరి దిద్దించొచ్చా?” అని అడిగింది.

“దిద్దించొచ్చు. సాక్షీ రిపోర్టరూ కలిసి వెళ్ళి రాసివ్వాలి.”

“అయితే దిద్దించు. నీ పరీక్ష సంగతి మాత్రం వద్దు. నీకూ ఆఫీసుంది, కూతురుంది. రేపు అదెవరైనా చదివి నిన్నొక మాటంటే మీ అన్న ఊరుకోడు.”

వద్దు వదినా, అంతా ఉండనీ అని నేను అనాలి. అనలేదు. నాకు హాయిగా అనిపించింది. దాచుకోవడం ఎందుకు, గుండెల మీంచి రాయి దించినట్టే అనిపించింది.

సంఘం ఆఫీసరు మంచి మనిషే, వదిన మాట్లాడిన రోజు ఆవిడ గదిలో లేదు. దిద్దుబాటు కాగితం ముందు పెట్టుకుని వదిన చెప్పిందంతా ఓపిగ్గా రాసుకుంది. సోమవారం నొప్పీ బుధవారం జీతమూ దగ్గర కలం ఆపింది.

“ఆ మాత్రం డబ్బు ఇంట్లో లేకపోయిందా అమ్మా? ఎందుకు లేదో రాయకపోతే వాళ్ళు దీన్నే పట్టుకుంటారు.”

వదిన నావైపు చూడలేదు. “ఉండే ఉంటుందండీ. ఆయనదే నిర్లక్ష్యం. మొండిమనిషి. రమ్మంటే వచ్చేవాడు కాదు,” అంది.

మా అన్నయ్య ఎవరు ఏ పనికి పిలిచినా చెప్పులు కూడా వెతుక్కోకుండా వెళ్ళే మనిషి. ‘భర్త నిర్లక్ష్యం వల్ల’ అని ఆఫీసరు రాస్తుంటే ఆ అక్షరాలన్నీ నాకు తలకిందులుగా కనిపిస్తూనే ఉన్నాయి. సంతకం ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. పెట్టాను. ఇది వచ్చే ఏడు అనుబంధం పుస్తకంలో వస్తుందనీ, బోర్డు సంగతి తమ చేతిలో లేదనీ, అది ఆసుపత్రి వాళ్ళు చూసుకోవాలనీ ఆఫీసరు చెప్పింది.

మెట్ల మీద వదిన ఆగింది. “ఆ పుస్తకం ఎవరు చదువుతారు?”

“ఎవరూ చదవరు వదినా.”

“మరి కిటికీ దగ్గర వాళ్ళకెలా తెలుస్తుంది?” అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి డ్యూటీకి వెళ్ళిపోయింది.

మూడోరోజు పొద్దున నేను నోటు పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. లైను గేటుదాకా ఉంది. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. జీవితమంతా మాట్లాడేవాళ్ళ పక్కన కూర్చోవడమే నా పని. బోర్డు కిందికెళ్ళి, “అయ్యా, అమ్మా, ఒక్క నిమిషం,” అన్నాను. ఎవరూ వినలేదు. గొంతు పెంచి, ఈ బోర్డు మీద ఉన్నది గవర్నమెంటు పుస్తకంలో కోసి వేసిన ముక్కేననీ, ఈవిడ అన్న మాట అది కాదనీ, అసలు మాట నేను చదువుతాననీ అన్నాను. వదిన కిటికీలోంచి, “ఏంటిది, వెళ్ళిపో చిన్నోడా,” అంది. నేను చదవడం మొదలుపెట్టాను.

కడతారండీ ఎందుక్కట్టరు అన్న దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సోమవారం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. మరిది పరీక్ష ఫీజు దగ్గరికి వచ్చాను. వదిన లేచి నిలబడింది, వద్దన్నట్టు తలూపుతోంది. అయినా చదివాను. వాడికి కబురు పెట్టకు అన్నదీ చదివాను. పెద్ద గదీ, రక్తం, తుడిచే మంచాలూ, గుమ్మంలో మాత్రం అడక్కండి దాకా అన్నీ చదివాను. లైన్లో ముందున్న పిల్లతల్లి కిటికీలోకి చూసి, “నిన్ను ఎంత మాటన్నాం అక్కా,” అంది.

ఆమె వెనక ఒక ముసలాయన చేతికర్ర మీద బరువంతా ఆన్చి నిలబడి ఉన్నాడు. “ఎవరమ్మా ఆ మరిది?” అని వదిననడిగాడు.

“ఎవరో ఒకరు లెండి. ఇప్పుడెందుకది,” అంది వదిన.

“నేనే,” అన్నాను.

ముసలాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “మరి పుస్తకంలోకి రాకుండా ఈ మాటలు కొట్టేసింది ఎవరు?”

“అదీ నేనే.”

“మరిప్పుడు ఇదంతా అక్కడ రాయించావా? గవర్నమెంటు పుస్తకంలో?”

“రాయించాను. నా సంగతి తప్ప.”

“నీ సంగతి తప్ప,” అన్నాడు ఆయన. కోపంగా కూడా అనలేదు. “ఇక్కడ మాకు చెప్తే ఏమొస్తుంది బాబూ? మేమేమైనా చీటీ తీసెయ్యగలమా? ఆ రాసేవాళ్ళకి చెప్పడానికి సిగ్గేసి, మాకు చెప్పుకుంటున్నావు.”

వెనకనుంచి ఎవరో లైను కదలండి అని అరిచారు. ముసలాయన నన్ను దాటి కిటికీ దగ్గరికి వెళ్ళి డబ్బు తీశాడు. వదిన తీసుకోలేదు. కళ్ళు తుడుచుకోకుండానే నావైపు తిరిగింది. నాకు ఊహ తెలిశాక మొదటిసారి ఆవిడ నాతో చిన్నోడితో మాట్లాడినట్టు మాట్లాడలేదు.

“వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు. మీ అన్నది నిర్లక్ష్యమని అబద్ధం చెప్పి వచ్చాను నేను, నీకోసం. ముందు అది కొట్టేయించు.”